వేసవి ఇంటి పనులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వడియాలు, ఊరగాయలు, పిల్లల సెలవులు, చుట్టాల రాకపోకల గురించే ఉన్నాయి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్నీ వేసవి ఇంటి పనులకే కేటాయించాము.

ప్రశ్న: మేము హైదరాబాదులో అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటున్నాము. మేడ మీదికి వెళ్లే తలుపుకు ఎప్పుడూ తాళమే ఉంటుంది. మా బాల్కనీలో ఉదయం మూడు గంటలపాటు మాత్రమే ఎండ పడుతుంది. పోయిన వేసవిలో బూడిదగుమ్మడికాయ వడియాలు పెడితే రెండో రోజుకే పులిసిన వాసన వచ్చి పారేయవలసి వచ్చింది. ఇంత తక్కువ ఎండలో వడియాలు పెట్టుకోవడం అసలు సాధ్యమేనా?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: సాధ్యమే, కాని ఉన్న ఎండకు తగిన వడియాన్ని ఎంచుకోవాలి. గుమ్మడి వడియం లావుగా ఉంటుంది కనుక పైపైన ఎండినట్టు కనిపించినా లోపల తడి మిగిలే ఉంటుంది. రుబ్బిన మినపపిండి తడిగా ఉన్నంతసేపూ పులుస్తూనే ఉంటుంది కాబట్టి, మొదటి రోజు ఎండ చాలకపోతే ఆ వాసన రాక తప్పదు. మీ బాల్కనీకి సగ్గుబియ్యం వడియాలు బాగా సరిపోతాయి. గ్లాసెడు సగ్గుబియ్యాన్ని నానబెట్టి, ఆరు గ్లాసుల నీళ్లలో గింజల తెల్లదనం పోయేదాకా ఉడికించి, జీలకర్ర, పచ్చిమిర్చి ముద్ద, ఉప్పు వేసి దించుకోవాలి. ఎండాక ఉప్పూ కారమూ రెండూ ఎక్కువగా తెలుస్తాయి కనుక, జావ రుచి చూసినప్పుడు కాస్త చప్పగా అనిపించేటట్టే వేసుకోండి. తెల్లవారుజామునే ప్లాస్టిక్ కాగితం మీద గరిటెతో పలుచగా వేస్తే, అంత పలుచని వడియానికి మీ మూడు గంటల ఎండ రెండు మూడు పూటలు తగిలితే చాలు, అంచులు వాటంతటవే లేస్తాయి.

గుమ్మడి వడియాలే కావాలంటే మాత్రం మేడ తాళం తీయించుకోక తప్పదు. దీని గురించి అపార్ట్‌మెంటు సంఘం వారితో మీరొక్కరే కాకుండా నలుగురు ఇల్లాళ్లు కలిసి మాట్లాడండి. ఫలానా నాలుగైదు రోజులు ఉదయం నుంచి సాయంత్రం దాకా తాళం తీసి ఉంచమని, మేడను శుభ్రం చేసే బాధ్యత మాదేనని చెబితే కాదనేవారు తక్కువ.

మూడు కిలోల కాయకు అరకిలో మినపపప్పు సరిపోతుంది. కాయను చిన్న చిన్న ముక్కలుగా తరిగి, ఉప్పు, పసుపు కలిపి, పలుచని గుడ్డలో మూటగట్టి, రాత్రంతా మీద బరువు పెట్టి ఉంచాలి. మా ఇళ్లలో ఇందుకు రుబ్బురోలు పొత్రాన్ని పెట్టేవారు. మీరు నీళ్లు నింపిన పెద్ద బిందెను పెట్టుకోవచ్చు. తెల్లవారేసరికి మూటలోంచి నీరంతా కారిపోయి ముక్కలు సగానికి సగం కుంగిపోతాయి. ఈ నీరు పోవడమే అసలు రహస్యం, ఇక్కడ తొందరపడితే ఎంత ఎండ ఉన్నా లాభం లేదు. నానిన పప్పును వీలైనంత తక్కువ నీటితో గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి ముద్ద, ఇంగువ, పిండిన ముక్కలు కలిపి, తడిపిన పాత పంచె మీద ఎండ ఎక్కకముందే పెట్టేయాలి. ముక్కల్లో ఉప్పు ఉంటుంది కనుక పిండిలో రుచి చూశాకే మళ్లీ వేయండి. మొదటి రోజు సాయంత్రం గుడ్డ పళంగా లోపలికి తెచ్చుకొని, మర్నాడు పైభాగం గట్టిపడ్డాక గుడ్డను తిరగేసి వెనుకవైపు నీళ్లు చిలకరిస్తే వడియాలు విరగకుండా ఊడి వస్తాయి. ఆ తరువాత బోర్లించి మరో రెండు మూడు రోజులు ఎండనివ్వాలి. విరిస్తే టక్కున విరిగి, లోపల తడి కనిపించకపోతే డబ్బాకెత్తుకోవచ్చు.

ఆడవారు గుమ్మడికాయను పగలగొట్టకూడదనే పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. మీ ఇంట్లోనూ ఉంటే, కాయ కొట్టడానికి వచ్చిన మగవారికి ముక్కలు తరిగే పని కూడా అప్పగించండి. ఇది నలుగురు చేతులు వేస్తే గంటలో తెమిలే పని, ఒక్కరే చేస్తే ఒళ్లు హూనం అవుతుంది.

ప్రశ్న: నేను పుట్టింది కాకినాడలో, మెట్టింది కరీంనగర్‌లో. మా అమ్మ పచ్చి పప్పునూనెతో, అల్లం లేకుండా ఆవకాయ పెడుతుంది. మా అత్తయ్యగారు నూనె కాచి, అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పెడతారు. ఇద్దరి రుచీ ఉంటుందని పచ్చి నూనెలోనే అల్లం వెల్లుల్లి ముద్ద కలిపి పెడితే ఆగస్టు నాటికి బూజు పట్టింది. ఈ రెండింటిలో ఏది సరైన పద్ధతి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: రెండూ సరైనవే, ఏ పద్ధతికి దానికే ఒక క్రమం ఉంది. అల్లం వెల్లుల్లి ముద్దలో సహజంగానే తడి ఉంటుంది. మీ అత్తయ్యగారు నూనె కాచి అందులో ముద్ద వేయడం వల్ల ఆ తడి చాలావరకు పోతుంది. మీ అమ్మగారి పద్ధతిలో తడి పదార్థమే లేదు కనుక పచ్చి నూనె వాడినా నిలవకు ఇబ్బంది ఉండదు. మీరు ఒకరి నూనెను, ఇంకొకరి ముద్దను తీసుకున్నారు కాబట్టి ఆ తడి జాడీలోనే ఉండిపోయింది. రెండు రుచులూ కావాలనుకుంటే రెండు చిన్న జాడీల్లో విడివిడిగా పెట్టుకోండి.

ఏ పద్ధతిలో పెట్టినా కొన్ని జాగ్రత్తలు మారవు. పుల్లగా, గట్టిగా ఉన్న కాయను ఆ రోజు కోసిందే తీసుకోండి. కాయల్ని ముందే కడిగి, తుడిచి, ఆరబెట్టాలి. ముక్కలు కొట్టాక వాటికి నీటిచుక్క తగలకూడదు. ప్రతి ముక్కకూ టెంక అంటి ఉండాలి, లేకపోతే నాలుగు నెలలకే మెత్తబడిపోతుంది. లోపలి జీడిని తీసేసి, టెంకకు అంటుకున్న పలుచని పొరను పొడిగుడ్డతో తుడవాలి. ఈ తుడిచే పని విసుగనిపిస్తుంది కాని, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకొని కబుర్లు చెబుతూ చేస్తే బుట్టెడు ముక్కలు ఎప్పుడు అయిపోయాయో కూడా తెలియదు. ముక్కలు నాలుగు గిన్నెలైతే కారం ఒక గిన్నె, ఆవపిండి ఒక గిన్నె, దంచిన కల్లుప్పు గిన్నెకు కాస్త తక్కువగా వేయడం చాలా ఇళ్లలో ఉన్న కొలత. ఆవాలు ఎండబెట్టి, పూర్తిగా చల్లారాకే పొడి చేయించండి. మూడో రోజు అడుగు నుంచి తిరగ కలిపి, ఉప్పు చూసి, ముక్కల మీద నూనె తేలేదాకా పోసి, జాడీకి వాసెన కట్టండి.

కలపడం పూర్తయ్యాక ఆ బేసినును కడిగేయకండి. అంచులకు అంటుకున్న పిండిలో వేడి వేడి అన్నం వేసి, ఇంకాస్త నూనె పోసి కలిపి, ముక్కలు తుడిచిన ప్రతివారి చేతిలోనూ ఒక్కో ముద్ద పెట్టండి. ఏడాది పొడవునా తినే ఊరగాయలో ఆ తొలి ముద్ద రుచి మళ్లీ దొరకదు.

ప్రశ్న: మాకు పదకొండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి ఉన్నారు. సెలవులు మొదలైన వారానికే ఫోను చేతిలోంచి దించడం లేదు. శిక్షణ శిబిరాలకు వేలకు వేలు కట్టలేము. ఇంట్లోనే నేర్పగలిగిన చేతిపనులు చెప్పగలరా?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: అమ్మాయికి క్రోషా అల్లిక నేర్పించండి. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నపు పనులు ముగించుకొని అరుగుల మీద కూర్చొని ఆడవారు లేసు అల్లుతారు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా అక్కడికి వచ్చిన ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక్క సూదీ, ఒక దారపుండా ఉంటే చాలు మొదలుపెట్టవచ్చు. అయితే లేసుకు వాడే సన్నదారంతో మొదలుపెడితే పిల్లలు విసుగెత్తి వదిలేస్తారు కనుక లావు ఊలు, లావు సూది కొనివ్వండి. కొత్తగా నేర్చుకునేవారు భయంతో దారాన్ని బిగలాగుతారు, దాంతో తరువాతి కుట్టుకు సూది లోపలికి దూరదు. దారాన్ని ఎడమచేతి చూపుడువేలి మీదుగా వదులుగా జారనివ్వడం అలవాటయ్యేదాకా ఒట్టి గొలుసులే అల్లనివ్వండి. వేలికి ఆ పట్టు వచ్చాక గుండ్రని గ్లాసు మూతలు, ఆ తరువాత టీపాయి మీద పరిచే గుడ్డ వాటంతటవే వస్తాయి. ఒక చిన్న లేసు ముక్కకు ఎంతసేపు పడుతుందో స్వయంగా తెలిసిన పిల్ల, రేపు నరసాపురం లేసు కొనేటప్పుడు బేరమాడదు. అల్లేవారి చేతికి దక్కే కూలి ఎంత తక్కువో తెలిసినవారిగా ఇది మా మనసులోని మాట.

అబ్బాయికి ముంజకాయల బండి చేసి చూపించండి. ముంజలు తిన్నాక మిగిలిన కాయలు రెండింటిని ఒక పుల్లకు రెండు చివర్లా గుచ్చి, మధ్యలో పంగలకర్ర తగిలించి తోస్తే బండి పరుగెడుతుంది. తాటాకు దొరికితే బొమ్మలు కూడా చేయవచ్చు. ఆడపిల్లలు వాటికి గుడ్డపీలికల చీరలు కట్టి బొమ్మల పెళ్లిళ్లు చేసేవారు, ఆ పెళ్లికి పానకం, వడపప్పు పెట్టి వీధిలోని పిల్లలందరినీ పిలిచేవారు.

ఏడాదికి సరిపడా చింతపండు కొనే అలవాటు ఉంటే, గింజ తీయనిదే తెచ్చుకోండి. ఈనెలు, గింజలు తీసే పనిలో పిల్లల్ని కలుపుకోండి. శుభ్రం చేసిన చింతపండును ఒకపూట ఎండలో ఉంచి, మధ్య మధ్య కల్లుప్పు చల్లుతూ జాడీలోకి అదిమిపెట్టుకోవచ్చు. మిగిలిన గింజలతో వామనగుంటలు ఆడించండి. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల గుంటలున్న చెక్కపీట లేకపోయినా, నేల మీద సుద్దముక్కతో పద్నాలుగు వలయాలు గీస్తే సరిపోతుంది. గింజల్ని పంచుతూ, ఎక్కడ ఖాళీ గుంట వస్తుందో ముందే లెక్కగట్టడం ఒకసారి అలవాటైతే, ఫోను కోసం అడగడం తగ్గుతుంది. మీరు కూడా వారితో ఆడాలి.

ప్రశ్న: మాకు డెబ్బై ఏళ్లు దాటాయి. ఒకప్పుడు వేసవి వస్తే మా ఇల్లు మనవలతో, మేనల్లుళ్లతో నిండిపోయేది, రాత్రిళ్లు డాబా మీద పక్కలు చాలేవి కావు. ఇప్పుడు ఇద్దరమే ఉంటున్నాము. పిల్లల్ని రమ్మంటే సెలవు దొరకదంటారు. ఎవరి కోసం పెట్టాలని ఊరగాయ కూడా మానేశాను. ఈ దిగులు పోవడానికి ఏం చేయమంటారు?
– ఒక పెద్దావిడ, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాము. ఊరికే ‘రండి’ అంటే ఈ రోజుల్లో ఎవరూ కదలలేకపోతున్నారు. వారికి ప్రేమ లేక కాదు, సెలవు అడగడానికి ఒక తేదీ కావాలి. వచ్చే ఏడాది ఉగాది నాటికే ఒక శని, ఆదివారాలను ఖాయం చేసి, ‘ఆ రెండు రోజులు మన ఇంట్లో ఆవకాయ కలుపుతున్నాము, ముక్కలు కొట్టడం నీ వంతు, కారం జల్లించడం కోడలి వంతు, ఎవరి జాడీ వారు తెచ్చుకోండి’ అని ఒక్కొక్కరికీ పేరుపేరునా చెప్పండి. తమ కోసం ఒక పని, ఒక జాడీ ఎదురుచూస్తున్నాయని తెలిస్తే రావడానికి వారే దారి వెతుక్కుంటారు. అందరూ రాకపోవచ్చు, ఇద్దరు వచ్చినా ఇల్లు మారుతుంది.

ఈ ఏడాదికి మాత్రం పిల్లల కోసం ఆగకండి. మీ వీధిలో ఊరగాయ పెట్టడం రాని కొత్త కోడళ్లు తప్పక ఉంటారు. వారిలో ముగ్గురిని పిలిచి, సామాను వారినే తెచ్చుకోమనండి. మీరు కుర్చీలో కూర్చొని కొలతలు చెప్పండి, కలపడం వారు కలుపుతారు. వంగి లేచే పని మీరు పెట్టుకోవద్దు. సాయంత్రం చల్లబడ్డాక డాబా మీద నీళ్లు చల్లించి, మజ్జిగ, ముంజలు పెట్టి కూర్చోబెట్టండి, మాటలు వాటంతటవే సాగుతాయి. పాత నేత చీరలుంటే అలా కూర్చున్నప్పుడే బొంత కూడా మొదలుపెట్టవచ్చు. నాలుగైదు చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, ముందు మూలలు టాకా వేసుకొని, తలా ఒక అంచు నుంచి కుట్టుకుంటూ వస్తే కొన్ని సాయంత్రాల్లో పూర్తవుతుంది. అది మీ మునిమనవల కోసం దాచిపెట్టండి.

ప్రశ్న: మా ఏడేళ్ల పాపకు మల్లెమొగ్గలతో పూలజడ వేయాలని ఉంది. జుట్టు భుజాల దాకానే ఉంది. వేయవచ్చా?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: నిక్షేపంగా వేయవచ్చు. మొగ్గల్ని జడకే కుడితే పిల్లలు అంతసేపు కదలకుండా కూర్చోలేరు కనుక, జడ పొడవున, అరచేయి కంటే సన్నగా ఒక అట్టముక్క కత్తిరించి, దాని మీద మొగ్గలు కుట్టి పెట్టుకోండి. మొగ్గలు సాయంత్రానికి విచ్చుకోవడం మొదలవుతుంది కాబట్టి మధ్యాహ్నమే తెచ్చుకొని, తడిగుడ్డలో చుట్టి, కుట్టేటప్పుడు కొన్ని కొన్నే బయటికి తీయండి. రెండు వరుసల మొగ్గల మధ్య ఒక వరుస కనకాంబరాలు, అంచుల్లో మరువం పెడితే నిండుగా ఉంటుంది. సవరం కలిపి జడ అల్లి, అట్టను పైనా, మధ్యలో, కిందా మూడుచోట్ల నల్లదారంతో కట్టండి. బరువు ఎక్కువైతే పాపకు మెడ నొప్పి పుడుతుంది, అందుకని మొగ్గల్ని ఒక్క పొరగానే కుట్టండి. ఫొటో తీసేటప్పుడు, పాత స్టూడియోల్లో చేసినట్టు, పాప వెనుక నిలువుటద్దం పెడితే ముఖమూ జడా రెండూ ఒకేసారి వస్తాయి.