1453లో దారి మూసుకుపోయినందుకేనా యూరోపియన్లు సముద్రం మీదకు వచ్చింది?

తురుష్కులు 1453లో నేటి ఇస్తాంబుల్ అయిన కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకోవడంతో మిరియాల దారి మూసుకుపోయిందని, అందుకే యూరోపియన్లు సముద్రం మీద కొత్త దారి వెతికారని అంటారు కదా, అది నిజమేనా అని అడిగారు. పదో తరగతిలో నేనూ ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఉద్యోగం మీద రెండేళ్లు పోర్చుగల్‌లో ఉన్నాను. అక్కడ ఆ జవాబు మీద నమ్మకం పోయింది.

ముందు తేదీలు చూడండి. పోర్చుగీసులు ఉత్తర ఆఫ్రికాలోని స్యూటా రేవును పట్టుకున్నది 1415లో. ఆఫ్రికా పశ్చిమ తీరంలోని బొజదోర్ అగ్రం దాటింది 1434లో. అంటే కాన్‌స్టాంటినోపుల్ పడిపోయేనాటికే వాళ్ల ఓడలు ఆఫ్రికా తీరం వెంట చాలా దూరం దిగిపోయాయి. పైగా 1453 తర్వాత కూడా వెనిస్ వర్తకులు ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో మిరియాలు కొంటూనే ఉన్నారు. ఈజిప్టు తురుష్కుల చేతికి వచ్చింది 1517లో.

మరి దేనికి వెళ్లారు? నాకు జవాబు లాగోస్‌లో దొరికింది. నైజీరియా లాగోస్ కాదు, పోర్చుగల్ దక్షిణ తీరంలోని చిన్న ఊరు. ఆఫ్రికా తీరం వెంట ఆ ఓడల్ని పంపిన హెన్రీ రాకుమారుడి విగ్రహం అక్కడి కూడలిలో ఉంది. మన పాఠాల్లో 'నావికుడు హెన్రీ' అని చదువుకున్నామే, ఆయనే. ఆ పక్కనే బానిసల సంత పేరుతో ఒక మ్యూజియం. 1444 ఆగస్టులో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన 235 మందిని ఈ ఊళ్లో దింపి పంచుకున్నారు. పిల్లల్ని తల్లుల నుంచి ఎలా లాగేశారో ఆస్థాన చరిత్రకారుడు జురారా రాసిపెట్టాడు. గుర్రం మీద ఉండి అదంతా చూసిన హెన్రీకి ఐదో వంతు వాటా. 2009లో కార్ పార్కింగ్ కోసం తవ్వుతుంటే పాత చెత్తగుంటలో 150 మందికి పైగా ఆఫ్రికన్ల అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఈ సంగతి తెలిశాక ఆ రోజు బీచ్ వైపు వెళ్లడానికి కాళ్లు రాలేదు.

హెన్రీ ఓడలు ఎందుకు పంపాడో కూడా జురారాయే చెప్పాడు. బొజదోర్ అవతల ఏముందో తెలుసుకోవాలి, అక్కడ క్రైస్తవులుంటే వ్యాపారం చేయాలి, ముస్లింల బలమెంతో చూడాలి, వాళ్ల మీద యుద్ధానికి తోడొచ్చే క్రైస్తవ రాజు దొరకాలి, మతం వ్యాపించాలి. చివర్లో జాతకం కూడా ఉంది, గ్రహబలమే ఆయన్ని అటు నడిపించిందట. మనుషుల్ని పట్టి అమ్ముకోవడం మాత్రం ఆ కారణాల్లో లేదు.

అలాగని మతం వట్టి సాకు అని నేననను. 1457లో పోర్చుగల్ క్రుజాడో అనే బంగారు నాణెం వేసింది. కాన్‌స్టాంటినోపుల్ పోయిందని పోప్ పిలుపిచ్చిన మతయుద్ధం కోసం వేసిన నాణెం అది, మీద శిలువ ఉంటుంది. బంగారం ఆఫ్రికాది. ఇందులో నమ్మకమెంత, లాభమెంత అని విడదీసి చెప్పడం నావల్ల కాదు.

మిరియాల కోసం భారత్ దాకా వెళ్లాలన్న పట్టుదల గట్టిపడింది ఆ తర్వాత, 1480ల్లో. 1498లో వాస్కోడగామా కాలికట్ ఒడ్డుకు పంపిన మనిషిని ట్యునీసియా నుంచి వచ్చిన ఇద్దరు ఎందుకొచ్చారని అడిగితే, క్రైస్తవుల కోసం, సుగంధ ద్రవ్యాల కోసం అన్నాడు. క్రైస్తవుల మాట ముందు వచ్చింది చూడండి. కొద్దిరోజులకే పోర్చుగీసులు అక్కడి హిందూ గుడిని చర్చి అనుకుని మోకరిల్లారు. గోడల మీద నాలుగైదు చేతులున్న బొమ్మల్ని చూసి తమ సెయింట్లే అనుకున్నారు.