ఫిల్మ్ బదులు సెన్సర్ పెడితే చాలదా?

ప్రశ్న: మా నాన్నగారి నికాన్ ఎఫ్ఎం2 ఫిల్మ్ కెమెరా, దాని 50 ఎంఎం లెన్స్ ఇంకా ఇంట్లో ఉన్నాయి. దానితోనే ఫొటోలు తీయడం నేర్చుకున్నాను. ఇప్పుడు కొన్న డిజిటల్ కెమెరా అంతా ప్లాస్టిక్. ఎపర్చర్ (వెలుగు వచ్చే లెన్స్ రంధ్రం) మార్చాలంటే బటన్ నొక్కిపట్టి చక్రం తిప్పాలి. మెనూలో ఏది ఎక్కడుందో గుర్తుండదు. పాత కెమెరాలోనే ఫిల్మ్ బదులు సెన్సర్ పెట్టి ఎందుకు అమ్మరు?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అలాంటి ప్రయత్నాలు జరిగాయండీ. మనలాంటివాళ్లకు అందే ధరలోనే రాలేదు. అది నాకూ బాధే. 2004లో వచ్చిన ఎప్సన్ ఆర్-డి1 డిజిటలే అయినా, ప్రతి ఫొటోకూ లీవర్ లాగితేనే షట్టర్ సిద్ధమయ్యేది. 2016లో లైకా వెనక స్క్రీన్ లేని ఎం-డి తెచ్చింది. మీరడిగినదానికి దగ్గరగా వచ్చింది 2013 నాటి నికాన్ డీఎఫ్ అంటాను. వీడియో లేదు, షట్టర్ స్పీడుకూ ఐఎస్ఓకూ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయికీ) పైనే వేరువేరు డయల్స్. కాకపోతే ఎఫ్ఎం2 కంటే బాగా లావు, మెనూ కూడా అలాగే ఉంది.

ఇదంతా పాతకాలం మీద మోజు అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. మా తిరుపతిలో మే నెలలో గంగమ్మ జాతర జరుగుతుంది, భక్తులు రకరకాల వేషాలు కడతారు. ‘తోటి వేషం’ వేసినవాళ్లు ఒళ్లంతా బొగ్గు పూసుకుంటారు, దొర వేషం వాళ్లు గంధం పూసుకుంటారు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు తన ముందున్నది నలుపో తెలుపో ఎరగదు, అన్నిటినీ మధ్యరకం బూడిదరంగుకే లాగుతుంది. ఆటో మోడ్‌లో పెట్టి తీస్తే బొగ్గు పూసిన మనిషి పాలిపోతాడు, వెనక ఎండ పడ్డ గోడ తెల్లగా మాడిపోతుంది. గంధం పూసిన మనిషేమో మసకబారతాడు. వీధిలో ఎండ మాత్రం ఇద్దరి మీదా ఒక్కటే! మిట్టమధ్యాహ్నం ఎండకు ఐఎస్ఓ 200, ఎపర్చర్ ఎఫ్/8, షట్టర్ సెకనులో 800వ వంతు పెట్టి ఇక ముట్టుకోకపోతే ఇద్దరూ ఉన్న రంగులోనే వస్తారు. నీడలోకి వెళ్లారా, వెంటనే మూడు స్టాపులు, అంటే వెలుగు ఎనిమిది రెట్లు వచ్చేలా, తెరవాలి. ఆ గుంపులో, డప్పుల మోతలో, మెనూ వెతికే తీరిక ఎక్కడుంటుంది? చూడకుండానే వేళ్లకు తెలియాలి. కెమెరా ఆన్ చేయకముందే ఏది ఎంతలో ఉందో కంటికి కనిపించాలి. నేను కోరుకునేది ఇంతే: మూడు డయల్స్, లోహపు బాడీ, మంచి వ్యూఫైండర్. వీడియో వద్దు, సీన్ మోడ్స్ వద్దు. తీసేసినవాటి ఖర్చు బాడీ మీద పెట్టమనండి.

ఇక మీరు ఇప్పుడు చేయగలిగింది. కొత్తది కొనకండి. సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డి7200 వెతకండి. అది 2015 నాటిది, షట్టర్‌కూ ఎపర్చర్‌కూ వేరువేరు చక్రాలున్నాయి. నాన్నగారిది ఏఐ రకం లెన్స్ (రింగు ఏ ఎపర్చర్ దగ్గరుందో కెమెరాకు తెలిపే పాత నికాన్ రకం) అయితే దాని మీద మీటరు కూడా పనిచేస్తుంది, ఎపర్చర్‌ను లెన్స్ రింగుతోనే తిప్పుకోవచ్చు. దాని తర్వాత వచ్చిన డి7500లో ఆ సౌకర్యం తీసేశారు, అంకె పెద్దదని అటు పోకండి. డి7200 సెన్సర్ ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్నది కాబట్టి 50 ఎంఎం లెన్స్ సుమారు 75 ఎంఎంలా కనిపిస్తుంది. మనుషుల ముఖాలు తీయడానికి బాగుంటుంది, ఇరుకు సందుల్లో కొంచెం వెనక్కి జరగాల్సి వస్తుంది.

కొనే ముందు ఆ లెన్స్‌ను ఎపర్చర్ పూర్తిగా తెరిచి, టార్చ్ వెలుగులో లోపలికి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే ఫంగస్ పట్టినట్టే. ముందు దాన్ని శుభ్రం చేయించండి, కెమెరా తర్వాత చూసుకోవచ్చు.