కార్డు బాకీ తీరాకే కొత్త డిస్కు

ప్రశ్న: మేము గాజువాకలో ఉంటాం. నెలకు 78 వేలు చేతికి వస్తుంది, ఇంటి రుణం వాయిదా 24 వేలు. ఎనిమిదేళ్లుగా సినిమాల బ్లూరే, 4కె డిస్కులు కొంటున్నాను, 600 దాటాయి. ప్రతి ఆదివారం రాత్రి ఏడేళ్ల మా పాపతో కలిసి ఒక సినిమా చూస్తాం. క్రెడిట్ కార్డు మీద లక్షా 40 వేల బాకీ ఉంది. ప్రొజెక్టరు వాయిదాల్లో తీసుకోవాలనుంది. ఈ డిస్కులను పాప చదువుకు పెట్టుబడిగా లెక్కవేసుకోవచ్చా?

జవాబు: వేసుకోవద్దండి. ఆదివారం రాత్రి పాప మీ పక్కన కూర్చోవడమే ఆ డిస్కుల మీద మీకొచ్చే రాబడి. అది చిన్నదేమీ కాదు, కానీ దానితో కాలేజీ ఫీజు కట్టలేరు. అరుదైన ఎడిషన్‌కు ఇవాళ మంచి ధర పలకవచ్చు. అదే సినిమాను రేపు ఇంకో సంస్థ మళ్లీ విడుదల చేస్తే ఆ ధర దిగిపోతుంది. మన దగ్గర పాత డిస్కులు కొనేవాళ్లూ తక్కువే. 600 ఒకేసారి అమ్మాలంటే అయినకాడికి ఇచ్చుకోవాలి.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది కార్డు బాకీ. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 4,900 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 882. మొత్తం 5,782 రూపాయలు నెలనెలా పోతున్నాయి, ఒక్క డిస్కూ ఇంటికి రాకుండానే! బ్యాంకులో అంతకంటే తక్కువ వడ్డీకి పర్సనల్ లోన్ దొరికితే తీసుకుని ఈ బాకీ మొత్తం ఒకేసారి కట్టేయండి. అది తీరేదాకా కొత్తవి కొనకండి. 'మళ్లీ దొరకదేమో' అన్న భయంతోనే చాలామంది కార్డు గీకుతారు. తీరాక నెలకు మూడు వేలు వేరే ఖాతాలో వేసి, అందులో ఉన్నంతవరకే కొనండి.

పాపకు పదేళ్లు నిండలేదు కాబట్టి సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. ఏడాదికి 250 రూపాయలతోనూ నడుస్తుంది. పదో తరగతి పాసయ్యాకో, 18 ఏళ్లు నిండాకో చదువు కోసం సగం వరకు తీసుకోవచ్చు.

ప్రొజెక్టరు ఆగుతుంది. నాకు బెంగ ప్లేయర్ గురించే. ఒప్పో 2018లో, శామ్‌సంగ్ 2019లో వీటి తయారీ నుంచి తప్పుకున్నాయి, తర్వాత ఎల్‌జీ కూడా. ఉన్నది పాడైతే 600 సినిమాలూ అరలోనే ఉండిపోతాయి. అందుకే అప్పు తీరాక మొదట రెండో ప్లేయర్ కొని పెట్టుకోండి. విదేశాల నుంచి తెప్పించేటప్పుడు ప్రాంత సంకేతం (రీజియన్ కోడ్) చూడండి, అది కలవకపోతే డిస్కు ఆ ప్లేయర్‌లో ఆడకపోవచ్చు: 4కె డిస్కులకు ఆ బెడద లేదు కానీ, మామూలు బ్లూరేలో అమెరికాది ఎ, మనది సి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊళ్లో ఎన్ని ఇళ్లలోకి వాన నీళ్లు వచ్చాయో మీకు చెప్పక్కర్లేదు. తడిసిన డిస్కును తుడిచి ఆరబెడితే తరచుగా బాగానే ఆడుతుంది. దాని అట్టపెట్టె మాత్రం ఉబ్బి, పక్కదానికి అతుక్కుపోతుంది. సేకరించేవాళ్లకు ఆ పెట్టె పోతే సగం విలువ పోయినట్టే. భారత్ గృహ రక్ష పాలసీలో ఇంటికి బీమా చేయిస్తే, సామానుకూ అందులో 20 శాతం, గరిష్ఠంగా పది లక్షల వరకు రక్షణ దానంతటదే వస్తుంది. మీ ఇంటి రుణంతో తీసుకున్న పాలసీలో ఇది ఉందో లేదో చూడండి. క్లెయిముకు రుజువులు కావాలి. ఈ ఆదివారం సినిమా మొదలుపెట్టే ముందు పాపతో కలిసి అరలన్నీ వరుసగా ఫొటోలు తీసి, బిల్లులతో పాటు మీ మెయిల్‌కు పంపుకోండి.