అల్లుడికి, ఆ టేబుల్ గురించి

విజయనగరం

అల్లుడూ,

సి ఫంక్షన్ లోపలి అసెంబ్లీ (ప్రాసెసర్ సూచనలు నేరుగా రాసే భాష) ముక్కలో డేటా టేబుల్ పెట్టి నువ్వు పంపిన కోడ్ గంటస్తంభం దగ్గర టీ తాగుతూ ఫోన్లో చూశాను. ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాను. మామూలుగా కంపైల్ అవుతోంది, ఓ2 (కోడ్ వేగం పెంచే ఆప్షన్) పెట్టగానే లేబుల్, అంటే ఆ టేబుల్‌ చోటుకి పెట్టిన పేరు, రెండోసారి వచ్చిందని అసెంబ్లర్ గోల పెడుతోంది, అంతే కదా? ఆ ఫంక్షన్‌ని రెండు చోట్ల పిలిచావు. కంపైలర్ రెండు చోట్లా ఇన్‌లైన్ చేసింది, అంటే పిలిచిన చోటే దాని కాపీ పెట్టేసింది. నీ అసెంబ్లీ ముక్క ఆ కంపైలర్ జీసీసీకి వట్టి అక్షరాలే, లేబుల్‌తో సహా రెండుసార్లు దించేసింది.

అసలు డేటాని అక్కడ ఎందుకు పెట్టావురా? పైన సి లోనే స్టాటిక్ కాన్‌స్ట్ అర్రేగా రాసి, 16 బైట్లకి అలైన్ చేసి (చిరునామా 16తో భాగమయ్యేలా), అసెంబ్లీకి 'ఎం' ఆపరాండ్‌గా, అంటే మెమరీ ఇన్‌పుట్‌గా, ఇవ్వు. చిరునామా ఒక్కటే రిజిస్టర్‌లో పంపితే అక్కడున్నది నువ్వు చదువుతావని కంపైలర్‌కి తెలియదు. అలైన్‌మెంట్ మర్చిపోతే మూవ్‌ఏపీఎస్ (16 బైట్లు ఒకేసారి కదిపే సూచన) దగ్గర సెగ్‌ఫాల్ట్ వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

నా సంగతి చెప్తాను, నవ్వకు. టర్బో పాస్కల్ 6 రోజుల్లో ఏఎస్ఎం (అసెంబ్లీ) బ్లాక్ మధ్యలో డీబీ (బైట్లు రాసే ఆదేశం) అని టేబుల్ పెట్టాను. అది డేటా సెగ్మెంట్‌లోకి వెళ్ళదు, రాసిన చోటే కోడ్‌లో కూర్చుంటుంది. దాని మీంచి దూకడానికి జంప్ పెట్టడం మర్చిపోయాను. టేబుల్‌లో మొదటి బైట్ 144, అంటే నోప్, ఏమీ చేయని సూచన. ఏమీ కాలేదు. రెండోది 195. అది రిటర్న్! ఫంక్షన్ సగంలోనే వెనక్కి తిరిగింది, స్టాక్ గల్లంతు, మెషీన్ బిగుసుకుపోయింది. కారణం తెలియడానికి రెండు రాత్రులు పట్టింది. మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

అసెంబ్లీలోనే పెట్టి తీరాలంటే, పుష్‌సెక్షన్‌తో రోడేటాలోకి (మార్చని డేటా ఉండే భాగం) వెళ్ళి, బిఅలైన్ 16 అని, డేటా రాసి, పాప్‌సెక్షన్‌తో వెనక్కి రా. లేబుల్ చివర పర్సంట్, ఈక్వల్ గుర్తులు పెడితే ప్రతి కాపీకి వేరే నంబర్ వస్తుంది. డేటా రాయడానికి డాట్ వర్డ్ మాత్రం వాడకు. ఎక్స్86లో అది 2 బైట్లు, ఆర్మ్‌లో 4. డాట్ 4బైట్ అని రాస్తే ఏ గొడవా లేదు.

మైక్రోసాఫ్ట్ కంపైలర్ విజువల్ సి గురించి అడిగావు. అందులో అసెంబ్లీ బ్లాక్‌లో డీబీ ఒప్పుకోదు, ఎమిట్‌తో ఒక్కో బైటే రాసుకోవాలి. 64 బిట్‌లో ఇన్‌లైన్ అసెంబ్లీయే లేదు. దాని జోలికి పోకు.

మార్చాక ఆబ్జ్‌డంప్‌తో (కంపైలైన కోడ్‌ని అసెంబ్లీగా చూపే టూల్) ఆ ఫంక్షన్ విప్పి చూసి, ఆ లిస్టింగ్ నాకు పంపు. సిరిమానుకి శ్రీకాకుళం నుంచి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో, కానీ అత్తకి కనపడకుండా.

మీ మావయ్య