సోషల్‌లో 58 వచ్చిన పాపని ఐఏఎస్ ఇంటిగ్రేటెడ్‌లో చేర్చాలా? నరసరావుపేట నాన్నగారికి జవాబు

నరసరావుపేటలో ఎరువులు, పురుగుమందుల షాపు నడుపుతున్న ఒక నాన్నగారు పెద్ద మెసేజే పెట్టారు. పాప పదో తరగతి, ఇంగ్లీష్ మీడియం, ఆరో క్లాసు నుంచీ ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్. లెక్కల్లోనూ సైన్సులోనూ తొంభైకి తగ్గదు గానీ ప్రీ ఫైనల్‌లో సోషల్‌కి వందకి 58 వచ్చాయి. తెల్లారుజామున నాలుగింటికి లేపి బట్టీ పట్టిస్తున్నా సాయంత్రానికి మర్చిపోతోందట. ట్యూషన్ పెట్టాలా, ఆల్ ఇన్ వన్ గైడు కొనాలా, యూట్యూబ్‌లో ఇంపార్టెంట్ క్వశ్చన్లు చెప్పేవాళ్ళని ఫాలో అవ్వాలా, ఈ మూడింట్లో ఏది బెటరో చెప్పమన్నారు. దాంతో పాటు ఇంకోటి, ఒక కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి ఇంటర్, డిగ్రీ, ఐఏఎస్ కోచింగ్ అన్నీ ఒకే చోట, ఇప్పుడే బుక్ చేస్తే ఫీజులో రాయితీ అన్నాడట, అందులో వెయ్యాలా లేక మామూలుగా ఎంపీసీలో వెయ్యాలా అని. సోషలే రానిదానికి ఐఏఎస్ ఏంటని వాళ్ళావిడ గొడవ. చివర్లో మాటవరసకి ఒక లైను రాశారు: "చదువుకోమంటే న్యూస్ పేపర్ ముందేసుకుని ఎలక్షన్ వార్తలు చదువుతూ టైం వేస్ట్ చేస్తోంది మేడం." ఆన్సర్ షీటు ఫొటోలు కూడా పంపారు, అది మాత్రం చాలా మంచి పని చేశారు.

అండీ, ఫిబ్రవరి వచ్చిందంటే నాకు ఈ మెసేజే వస్తుంది, ఊరి పేరు మారుతుంది అంతే. అడిగేది గైడు గురించే గానీ లోపలున్న భయం వేరు. ఆరొందలకి ఐదొందల యాభై దాటదేమో, తోడికోడలి కూతురికి ఎక్కువొస్తే ఏం మొహం పెట్టుకుంటాం, అంతా బాగుండి ఒక్క సోషల్ దగ్గర పోయిందంటారేమో, ఇదే కదా. మీరు కాదన్నా నేను నమ్మను.

కాబట్టి ముందు దానికి చెప్తా. మీ పాపకి జ్ఞాపకశక్తి లేకపోవడం కాదు సమస్య. ఫొటోలు పెద్దవి చేసి చూశాను. బిట్లు పన్నెండుకి పదకొండు కరెక్టు. రెండు మార్కులవి 16కి 13. గుర్తుండని పిల్లకి ఇన్ని రావు. నాలుగు మార్కుల వాటిలో 32కి 18 వచ్చాయి, ఎనిమిది మార్కుల వాటిలో 40కి 16, అందులో ఒకటి ముట్టుకోనే లేదు, టైం చాలక వదిలేసినట్టుంది. అంటే పోయిన 42 మార్కుల్లో 38 పెద్ద ప్రశ్నల దగ్గరే పోయాయి. మీరు నాలుగింటికి లేపి ఏం పట్టిస్తున్నారు? తేదీలు, పేర్లు, శాతాలు. అవి పాపకి ఆల్రెడీ వచ్చు! కడుపు నిండిన పిల్లకి మళ్ళీ మళ్ళీ అన్నం కుక్కుతున్నారు, పాపం అది తినలేక కక్కుతోంది, మీరేమో మర్చిపోయిందంటున్నారు.

ఒక ఆన్సర్ చూపిస్తా. బెల్జియం, శ్రీలంక అధికారం పంచుకునే విషయంలో ఎలా వేరు వేరు దారుల్లో వెళ్ళాయో పోల్చమని ప్రశ్న. మీ పాప ఏం రాసిందంటే, బెల్జియంలో డచ్ మాట్లాడేవాళ్ళు 59 శాతం, ఫ్రెంచ్ 40, జర్మన్ 1, బ్రస్సెల్స్‌లో అయితే ఫ్రెంచ్ వాళ్ళు 80, డచ్ వాళ్ళు 20, శ్రీలంకలో సింహళీయులు 74, తమిళులు 18, ఇలా ఒక పేజీ నిండా అంకెలు, ఒక్కటీ తప్పు లేదు. టీచర్ ఎనిమిదికి మూడు వేశారు, నేనైనా అంతే వేస్తా. ఎందుకంటే 1956లో శ్రీలంక సింహళాన్ని ఒక్కదాన్నే అధికార భాష చేసిందని, బెల్జియం 1970 నుంచి 1993 మధ్య రాజ్యాంగాన్ని నాలుగుసార్లు సవరించుకుని అందరికీ చోటిచ్చిందని, అందుకే ఒక దేశంలో అంతర్యుద్ధం వచ్చింది, ఇంకో దేశం విడిపోకుండా నిలబడింది అని, అసలు అడిగిన ముక్క ఎక్కడా లేదు. "పోల్చండి" అన్న మాట దగ్గర పిల్ల ఆగలేదు. ఎవరూ ఆపి చెప్పలేదు కూడా.

ఎందుకు చెప్పలేదో మీకు తెలియాలి. ఫౌండేషన్ బ్యాచ్‌లో సోషల్ పీరియడ్ వారానికి ఎన్ని ఉండేవి, అందులో లెక్కల సార్‌కి ఎన్ని ఇచ్చేశారు, ఈ ఐదేళ్ళలో మీరు ఒక్కసారైనా అడిగారా? అడిగి ఉండరు, ఎందుకంటే అప్పట్లో మీకూ అదే కావాలి, పేరెంట్స్ మీటింగ్‌లో సోషల్ టీచర్ దగ్గర ఎవరూ కూర్చోరు, ఆవిడ కుర్చీలో అలా చూస్తూ ఉంటుంది, అందరూ మాథ్స్ సార్ దగ్గర లైన్లో ఉంటారు. ఇప్పుడు ఫిబ్రవరిలో వచ్చి సోషల్ ఎందుకు రాలేదంటే పాప ఏం చెప్తుంది. కోపం తెచ్చుకోకండి, ఇది మీ ఒక్కరికే కాదు, కానీ పాపని తిట్టే ముందు ఇది ఒకసారి అనుకోండి చాలు.

సరే, ఏం చెయ్యాలి. ఆ నాలుగింటి లేపుడు ఇవాళ్టితో ఆపండి. పదింటికి పడుకుని ఐదున్నరకి లేస్తే చాలు. రోజుకి ఒక ఎనిమిది మార్కుల ప్రశ్న, ఒక నాలుగు మార్కుల ప్రశ్న, గడియారం పెట్టి, పుస్తకం మూసి రాయించండి. చదివించడం కాదండీ, రాయించడం. రాశాక పుస్తకం తెరిచి తనే దిద్దుకోవాలి, రెడ్ పెన్ను పాప చేతిలోనే ఉండాలి, మీ చేతిలో కాదు.

మీరు దగ్గర కూర్చునే చేస్తానంటే ఇంకో మంచి పని ఉంది. ఎకనామిక్స్‌లో డబ్బు, రుణం పాఠంలో స్వప్న అని ఒక చిన్న రైతు కథ ఉంటుంది, మూడెకరాల్లో వేరుశనగ వేసి వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తెస్తుంది, పురుగు పడుతుంది, ఖరీదైన మందులు కొట్టినా పంట దక్కదు, మరుసటి సంవత్సరం ఇంకో అప్పు, చివరికి పొలంలో కొంత అమ్మేసుకోవాలి. దాని పక్కనే సలీం అని బూట్లు తయారుచేసే వ్యాపారి, అప్పు తెచ్చి ఆర్డర్ పూర్తి చేసి లాభపడతాడు. ఒకే అప్పు ఒకరిని లేపింది, ఒకరిని ముంచింది, ఎందుకు అన్నదే పరీక్షలో అడిగేది. మీరు పల్నాడులో పురుగుమందుల షాపు పెట్టుకుని కూర్చున్నారు! పత్తికి, మిర్చికి అరువు మీద మందులు పట్టుకెళ్ళి పంటొచ్చాక కట్టే రైతులు మీ ఖాతా పుస్తకంలో ఎంతమంది ఉంటారు. ఒక ఆదివారం పాపని షాపులో కూర్చోబెట్టి ఆ పుస్తకం తిప్పి చూపించండి, పేర్లు చెప్పక్కర్లేదు, ఏ ఏడాది ఎవరు ఎందుకు కట్టలేకపోయారో చెప్పండి చాలు. వాళ్ళమ్మ డ్వాక్రా గ్రూపులో ఉంటే సెల్ఫ్ హెల్ప్ గ్రూపుల సెక్షన్ ఆవిడ చెప్తుంది, పూచీకత్తు లేకుండా బ్యాంకు ఎందుకు అప్పిస్తుందో ఆవిడకి తెలిసినంత ఏ గైడుకీ తెలీదు.

జాగ్రఫీ కూడా అంతే. బైలడిలా ఇనుప ఖనిజం విశాఖ పోర్టు నుంచి జపాన్, దక్షిణ కొరియాలకి వెళ్తుందని పుస్తకంలో ఒక లైను. విడిగా చదివితే అది బట్టీయే. కానీ అరకు వెళ్ళేటప్పుడు ఎక్కే కిరండూల్ రైలు ఉంది చూశారూ, ఆ లైను మీదే ఖనిజం గూడ్సులు దిగుతాయి. మ్యాపులో ఆ రూటు పెన్సిల్‌తో గీయించండి, బైలడిలా ఛత్తీస్‌గఢ్‌లో ఉందన్నది ఇక మర్చిపోదు. హిస్టరీలో సహాయ నిరాకరణ దగ్గర గూడెం కొండల అల్లూరి సీతారామరాజు ఉంటాడు. మన పిల్లలు ఆయన పేరు చూసి "ఇది మనకి తెలుసులే" అని దాటేస్తారు, తీరా ప్రశ్న వస్తే సినిమా కథ రాసొస్తారు. అక్కడ కావాల్సింది అడవిలోకి పశువుల్ని తోలనివ్వకపోవడం, కట్టెలు ఏరుకోనివ్వకపోవడం, రోడ్లకి వెట్టి చాకిరీ చేయించడం, వీటివల్ల తిరుగుబాటు ఎలా పుట్టిందని. ఇంకో చిత్రం ఏంటంటే, ఆయన గాంధీని మెచ్చుకుంటూనే బలప్రయోగం తప్పదన్నాడు. ఆ వైరుధ్యం రాసినవాళ్ళకి పేపర్ దిద్దేవాళ్ళు మార్కు ఆపరు.

ఇక మీరడిగిన పోలిక. ట్యూషన్ వల్ల ఈ నెలలో పెద్దగా ఒరిగేదేం లేదు, రాసినవి దిద్దే టీచరు దొరికితేనే పెట్టండి, మళ్ళీ మొదట్నుంచీ పాఠాలు చెప్తానంటే వద్దు. గైడు ఉంటే ఉండనివ్వండి గానీ ఒకటి చూసుకోండి, 2024-25 నుంచి మన రాష్ట్రంలో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలొచ్చాయి, పక్కింటి అబ్బాయి అంతకుముందు వాడిన మెటీరియల్ ఇస్తే మొహమాటానికి కూడా తీసుకోకండి, పాఠాలే వేరు. యూట్యూబ్ గెస్ పేపర్లు సరదాగా చూడచ్చు, వాటిని నమ్మి పాఠాలు వదిలెయ్యకూడదు. అంతకంటే దాని మీద చెప్పేదేం లేదు.

మార్కుల సంగతి. రాసే పద్ధతి మారితే 58 నుంచి 75, 80 దాకా వెళ్ళడం నేను చూస్తూనే ఉంటా, హామీ పత్రం మాత్రం రాసివ్వను. పైగా సోషల్ చివరి పేపరుగా వస్తుంది కదా, సైన్సు అయిపోగానే పిల్లలంతా పరీక్షలు అయిపోయినట్టే ఫీలవుతారు, మీ పాప ఆ మధ్య గ్యాప్‌ని చదువుకి వాడుకుంటే సగం పని అయినట్టే. ట్రిపుల్ ఐటీకి అప్లై చేసే ఆలోచన ఉంటే పదో తరగతి మార్కులే ఆధారం కాబట్టి సోషల్ మార్కు కూడా మార్కే. జేఈఈ వైపు వెళ్తే పదిలో సోషల్ ఎంతొచ్చిందని అడిగే నాథుడు లేడు. రెండు రకాలుగానూ జీవితం ఆగిపోదు.

ఇప్పుడు ఆ ఐఏఎస్ ఇంటిగ్రేటెడ్. నా డౌట్లన్నీ చెప్తా, మీకు నచ్చకపోవచ్చు.

సివిల్స్ రాయాలంటే డిగ్రీ ఉండాలి, 21 ఏళ్ళు నిండాలి. మీ పాపకి పదిహేను. అంటే పరీక్ష ఆరేళ్ళ దూరంలో ఉంది. ఇప్పుడు చెప్పే కరెంట్ అఫైర్స్ అప్పటికి పాత పేపర్లు. ఇంటర్‌లో వీళ్ళు చెప్పే "ఐఏఎస్ ఫౌండేషన్" చాలా చోట్ల నేను చూసినంతవరకు ఇంటర్ సిలబస్‌కి తోడు రోజూ ఒక క్లాసు, అందులో ఆరు నుంచి పది దాకా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, న్యూస్ పేపర్ చదివించడం. న్యూస్ పేపర్! మీ ఇంట్లో పాప ఉచితంగా చదువుతుంటే టైం వేస్ట్ అని లాక్కుని, అదే పేపర్ చదివించడానికి కాలేజీకి లక్షలు కడతానంటున్నారు. ఇది రాస్తుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

సివిల్స్ కొట్టిన మనవాళ్ళని చూడండి. 2017లో ఫస్ట్ ర్యాంకు తెచ్చుకున్న దురిశెట్టి అనుదీప్ బిట్స్ పిలానీలో ఇంజినీరింగ్ చదివాడు. 2016లో మూడో ర్యాంకు రోణంకి గోపాలకృష్ణ శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ప్రభుత్వ టీచరు, తెలుగు సాహిత్యం ఆప్షనల్. 2023లో మూడో ర్యాంకు దోనూరు అనన్యా రెడ్డి ఢిల్లీ మిరాండా హౌస్‌లో డిగ్రీ చేసింది. ముగ్గురివీ మూడు దారులు. ఏటా వెయ్యి అటూ ఇటూ పోస్టులకి లక్షల మంది రాస్తారు, అందులో రానివాళ్ళే ఎక్కువ కదా, మరి రాకపోతే చేతిలో ఏముంటుందో ముందు చూసుకోవాలి. కోచింగ్ కోసమని పేరుకి ఒక డిగ్రీ చేసిన పిల్లలు పాతికేళ్ళప్పుడు వచ్చి నా ముందు కూర్చుంటారు, వాళ్ళకి సమాధానం చెప్పడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. పదిహేనేళ్ళప్పటి నుంచి చుట్టాలందరూ "కలెక్టరమ్మా" అని పిలిస్తే ఆ బరువు ఇంకొకటి.

మరి ఎంపీసీనా అంటే, పాపకి లెక్కలు వచ్చు, ఇష్టంగా చేస్తుంటే ఎంపీసీ వల్ల పోయేదేం లేదు. ఎంపీసీ చదివి తర్వాత బీఏలో చేరచ్చు, క్లాట్ రాసి లా చదవచ్చు, సివిల్స్ రాయచ్చు. సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకుంటే మళ్ళీ ఇంజినీరింగ్ వైపు రావడం కుదరదు, అంత తేడా. అలా అని అవి తక్కువ గ్రూపులు కాదు, పాపే కావాలంటే నేనే ముందు సంతకం పెడతా, మామూలు కాలేజీలో హెచ్‌ఈసీ, తర్వాత సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీ రాసి మంచి యూనివర్సిటీ, చక్కటి దారే. కానీ పాప ఏమందో మీ మెసేజ్‌లో ఎక్కడా లేదు. ఐఏఎస్ మీది, వద్దన్నది వాళ్ళమ్మ, చదవాల్సింది మాత్రం పాప. పరీక్షలయ్యాక అడగండి, ఇప్పుడు కాదు.

వాళ్ళమ్మగారికి కూడా ఒక మాట, సోషల్ రానిదానికి ఐఏఎస్ ఏంటని పిల్ల ముందు అనకండి. పాపకి సోషల్ రాకపోవడం కాదు, ఎలక్షన్ వార్తలు ఇష్టపడి చదివే పిల్లకి పొలిటికల్ సైన్స్ రాదంటే నేను ఒప్పుకోను.

పీఆర్వో మళ్ళీ వస్తాడు, వాళ్ళు వదలరు. అడ్వాన్సు మాత్రం రిజల్ట్స్ దాకా కట్టకండి, ఇవాళ ఉన్న రాయితీ మేలో కూడా ఉంటుంది, సీట్లు నిండకపోతే ఇంకా పెరుగుతుంది. ఫ్లెక్సీలో ఉన్న ర్యాంకర్ల ఫొటోలు చూపించి, వీళ్ళలో మీ దగ్గర ఇంటర్‌లో చేరినవాళ్ళు ఎవరు, ఆఖర్లో ఇంటర్వ్యూ గైడెన్స్‌కి వచ్చినవాళ్ళు ఎవరు అని అడగండి. ఈ సంగతి దాచిపెట్టి ప్రకటనలిచ్చినందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కొన్ని ఐఏఎస్ కోచింగ్ సెంటర్లకి జరిమానాలు కూడా వేసింది. వినియోగదారుల హక్కుల పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు, పాప ఆ పాఠం చదివాక మీ తరఫున తననే అడగమనండి. ఒకవేళ నాకు చెప్పకుండా అడ్వాన్సు ఆల్రెడీ కట్టేసి ఉంటే, రసీదు తీసుకుని, చేరకపోతే ఎంత వెనక్కిస్తారో దాని మీదే రాయించుకోండి.