వీర్యకణాలు ‘నిల్’ అని వచ్చింది, మందులు వాడితే వస్తాయా? గుణుపూర్ చెల్లెమ్మకి నా జవాబు

చెల్లెమ్మా, మీ ఆయన రిపోర్టులో వీర్యకణాలు ‘నిల్’ అని ఉందని, డాక్టరు మూడు నెలల మాత్రలు రాశారని, వాటితో కౌంట్ వస్తుందా అని అడిగారు. ఇంట్లో అత్తగారికి ఇంకా చెప్పలేదన్నారు. మాది పర్లాకిమిడి. మా ఆయనకీ ఇదే రిపోర్టు వచ్చింది కాబట్టి మీ టెన్షన్ నాకు తెలుసు. కణాలు ఎందుకు లేవో తేలకుండా ఆ మాత్రలు మొదలుపెట్టొద్దు. ‘నిల్’ అనేది జ్వరం లాంటిది, అది జబ్బు పేరు కాదు.

మా ఇంట్లో ముందు పరీక్షలన్నీ నాకే చేయించారు. ట్యూబుల ఎక్స్‌రేతో సహా అన్నీ బాగున్నాయని తేలాక గానీ మా ఆయన వంతు రాలేదు. ఆయనకి సున్నా అని రాగానే ఒక క్లినిక్‌లో విటమిన్ మాత్రలు రాశారు. తర్వాత దాత కణాలతో చేసేద్దాం అన్నారు. ఆ మనిషిని ఒక్కసారి పడుకోబెట్టి చూసినవాళ్లు లేరు. ఇప్పటికీ నాకు కోపం వచ్చేది అక్కడే.

విశాఖలో చూసిన యూరాలజిస్టు కౌంట్ వైపు చూడనే లేదు. పెన్ను తీసి దాని పైన ఉన్న వరుస కింద గీత గీశారు. వీర్యం పరిమాణం 0.6 మి.లీ. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో కింది హద్దు 1.4 మి.లీ. ఆ కిందే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం కొలత) తక్కువ, ఫ్రక్టోజ్ (వీర్యంలో ఉండాల్సిన చక్కెర) లేదు అని ఉంది. అంతకాలం మా చేతిలోనే ఉన్న కాగితం అది! తర్వాత మా ఆయన్ని తెర వెనక్కి తీసుకెళ్లి చేత్తో పరీక్షించి, రెండు వైపులా శుక్రనాళాలు పుట్టుకతోనే లేవని చెప్పారు. బీజాల (వృషణాల) సైజు బాగుంది, కణాల తయారీని నడిపే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ నార్మల్. అంటే లోపల కణాలు తయారవుతున్నాయి, బయటికి వచ్చే దారి లేదు. దానికి ఏ మాత్రలు పనిచేస్తాయి చెప్పండి?

ఇలాంటివాళ్లలో చాలామందికి సీఎఫ్‌టీఆర్ అనే జన్యువులో తేడా ఉంటుంది. అందుకే నాకూ ఆ రక్తపరీక్ష చేయించారు. భార్యాభర్తలిద్దరిలోనూ ఆ తేడా ఉంటే బిడ్డకి సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే, ఊపిరితిత్తుల్ని, జీర్ణాన్ని దెబ్బతీసే జబ్బు వచ్చే ప్రమాదం ఉంటుంది. కొందరికి ఒక కిడ్నీ కూడా ఉండదు కాబట్టి కడుపు స్కానింగ్ తీశారు. తర్వాత సూదితో కణాలు తీసి ఇక్సీ చేశారు, అంటే ల్యాబ్‌లో ఒక్కో కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించడం. మొదటిసారి నిలవలేదు, తర్వాత పాప పుట్టింది.

మీ ఆయనది ఇదే కారణం అని నేననను. అసలు తేలాల్సింది దారి మూసుకుపోయిందా, తయారీయే లేదా అన్నది. ముందు ఆ పరీక్ష మళ్లీ చేయించండి. కొన్ని వారాల తేడాలో రెండు శాంపిళ్లు కావాలి, ప్రతిసారీ అంతకుముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా ఉండాలి. ఇంటి దగ్గర తీసి బస్సులో పట్టుకెళ్లొద్దు, ల్యాబ్‌లోనే ఇవ్వాలి. కొంచెం కిందపడినా దాచకుండా చెప్పాలి, లేకపోతే పరిమాణం తక్కువని పొరపడతారు. శాంపిల్‌ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాన్ని చూశారా అని అడగండి. అలా చూస్తే ఒక్కోసారి నాలుగు కణాలు కనబడతాయి, అప్పుడు కథే మారిపోతుంది. షుగర్ ఉండి వీర్యం బాగా తక్కువగా వస్తుంటే, అది వెనక్కి మూత్రసంచిలోకి పోతోందేమో మూత్రపరీక్షలో తెలుస్తుంది.

రక్తంలో ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టెస్టోస్టెరాన్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్లు చూస్తారు. బీజాలు చిన్నగా ఉండి ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువగా ఉంటే తయారీలోనే లోపం అనుకోవచ్చు. చిన్నప్పుడు బీజాలు కిందికి దిగకపోవడం, వయసొచ్చాక గవదబిళ్లలు వచ్చి అక్కడ వాపు రావడం, కీమో, ఇలా కారణాలు చాలా ఉంటాయి. అప్పుడు క్రోమోజోముల పరీక్ష, వై క్రోమోజోమ్ మైక్రోడిలీషన్ పరీక్ష (మగవాళ్లకే ఉండే వై క్రోమోజోములో చిన్న ముక్కలేమైనా పోయాయా అని చూసేది) తప్పనిసరి. వై మీద ‘ఎ’ గానీ ‘బి’ గానీ భాగం పూర్తిగా పోతే ఆపరేషన్ చేసి వెతికినా కణాలు దొరకవు, డబ్బు, నొప్పి రెండూ వృథా. ‘సి’ భాగం పోయినవాళ్లకి, 47 ఎక్స్‌ఎక్స్‌వై (ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువ) ఉన్నవాళ్లకి మైక్రో టెసె ఆపరేషన్‌లో, అంటే మైక్రోస్కోపుతో బీజాల లోపల వెతికితే, దొరికే అవకాశం ఉంది. అయితే ‘సి’ లోపం మగపిల్లాడికి వస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ రెండూ బాగా తక్కువుంటే మాత్రం సంతోషించండి. హార్మోన్ ఇంజెక్షన్లతో, నెలల తరబడి ఓపిక పట్టాలి గానీ, చాలామందికి కణాలు వస్తాయి.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. బలానికని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఎవరు రాసినా వద్దనండి. బయటి నుంచి అది పడితే లోపల తయారీ ఆగిపోతుంది. జిమ్ స్టెరాయిడ్లూ అంతే. మీ రాయగడ వైపు, కొరాపుట్ వైపు సికిల్ సెల్ ఉన్నవాళ్లు చాలామంది. దానికి వాడే హైడ్రాక్సీయూరియా కణాలను తగ్గిస్తుంది, సున్నా కూడా చేయగలదు. మీ ఆయన అది వాడుతుంటే డాక్టరుకి చెప్పండి, సొంతంగా మాత్రం ఆపొద్దు.

బరంపురమా, విశాఖా అన్నారు. ఊరు ఏదైనా మగవాళ్ల సంతానలేమి చూసే యూరాలజిస్టు కావాలి. గుణుపూర్ నుంచి విశాఖకి నేరుగా రైలుంది కాబట్టి మేమైతే అటే వెళ్లమంటాం. కణాలు తీసేరోజునే మిగిలినవి ఫ్రీజ్ చేసే సౌకర్యం ఉందా, సంతాన చికిత్స క్లినిక్‌ల కోసం వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అడగండి. దాత కణాల కాగితం మీద మీ ఇద్దరి సంతకాలు లేకుండా ఎవరూ ముందుకెళ్లకూడదు. కారణం తేలేదాకా ఆ సంతకం పెట్టకండి.

అత్తగారికి ఇప్పుడే చెప్పక్కర్లేదు. చెప్పే రోజు వస్తే మీ ఆయనే చెప్పాలి, మీరు కాదు. మా ఇంట్లో ఆయన నోటితో చెప్పాకే నాకు మొక్కులు, ఉపవాసాలు ఆగాయి. రెండో రిపోర్టు వచ్చాక పరిమాణం, పీహెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఇక్కడ రాయండి, దేని గురించి డాక్టర్ని అడగాలో నాకు తెలిసినంత చెప్తాను.