థైరాయిడ్ జన్యు పరిశోధనలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతోంది. మేనరికం చేసుకున్న మా ఆడపడుచు కొడుకుకు పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉంది. వాడిని చిన్నప్పటి నుంచి చూస్తున్నందువల్ల కాబోలు, వంశపారంపర్య థైరాయిడ్ జబ్బుల మీద పరిశోధన చేస్తానంటోంది. ప్రాక్టీసు వదులుకుని అటు వెళితే స్థిరపడగలదా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: ప్రాక్టీసు వదులుకోవలసిన అవసరం లేదమ్మా. ఈ రంగంలో పెద్ద ఆవిష్కరణలు రోగి ముందు కూర్చున్న డాక్టర్ల సందేహాల నుంచే పుట్టాయి. షికాగో విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పనిచేసిన శామ్యూల్ రెఫెటాఫ్ 1967లో తన సహచరులతో కలిసి ఒక కుటుంబాన్ని గురించి రాశారు. దగ్గరి బంధువులైన దంపతులకు పుట్టిన ఆ పిల్లల్లో చెవుడు, గొంతువాపు ఉన్నాయి. రక్తంలో థైరాయిడ్ హార్మోను ఎక్కువగా ఉన్నా, ఒంట్లో దాని ప్రభావం కనిపించలేదు. హార్మోనును అందుకునే గ్రాహకాన్ని తయారుచేసే జన్యువులో లోపమే ఇలాంటి జబ్బుకు కారణమని తేలింది 1989లో, అంటే 22 ఏళ్ల తరువాత. మొదటి కుటుంబంలోని పిల్లలకైతే ఆ జన్యువే లేదని ఆ పైన తెలిసింది.

ఇంత ఓపిక ఎందుకంటే, ఒక రిపోర్టును తీసుకోండి. టీ4 (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోను) పెరిగితే టీఎస్‌హెచ్ (ఆ గ్రంథిని పనిచేయించడానికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోను) దాదాపు సున్నాకు పడిపోవాలి. పడిపోకుండా మామూలుగానే ఉంటే అక్కడ ఆగి ఆలోచించాలి. ఆలోచించకుండా హైపర్‌థైరాయిడ్, అంటే గ్రంథి అతిగా పనిచేస్తోందని అనుకుని, ఈ జబ్బున్నవారికి మంచి గ్రంథినే కోసి తీసేసిన సందర్భాలున్నాయి. అందుకే మీ అమ్మాయి కోరికను నేను మనసారా సమర్థిస్తున్నాను.

దారి మాత్రం పొడవైనదే. ఎంబీబీఎస్ తరువాత జనరల్ మెడిసిన్‌లో గానీ, పిల్లల వైద్యంలో గానీ మూడేళ్ల ఎండీ, ఆపైన ఎండోక్రైనాలజీలో, అంటే హార్మోన్ల వైద్యంలో, మూడేళ్ల డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు చేయాలి. ఆ విభాగం తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనూ, మీకు దగ్గరలోని వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ)లోనూ ఉంది. జన్యువుల పనిని హైదరాబాదులోని కణ, జన్యు పరిశోధన సంస్థ సీసీఎంబీ వంటి చోట నేర్చుకోవచ్చు. ప్రైవేటు ప్రాక్టీసులో వచ్చేంత డబ్బు రాకపోవచ్చు, కానీ బోధనాసుపత్రి ఉద్యోగంలో జీతానికి లోటుండదు.

ఒక మాట. బాబు జబ్బుకు మేనరికమే కారణమని తొందరపడి ఎవరినీ నిందించకండి. పుట్టుకతో వచ్చే ఈ లోపానికి ఎక్కువమందిలో కారణం గ్రంథి సరిగా ఏర్పడకపోవడం. అది చాలావరకు తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. గ్రంథి ఉండి కూడా హార్మోను తయారు కాని పిల్లల్లోనే, తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందిన అవకాశం ఎక్కువ. బాబుది ఏ రకమో స్కానింగు రిపోర్టులో కొంతవరకు తెలుస్తుంది. మీ ఆడపడుచు ఒప్పుకుంటే పాత రిపోర్టులన్నీ అమ్మాయికి ఇవ్వమనండి. మూడు తరాల వంశవృక్షం గీసి, వాటిని పక్కన పెట్టుకుని తమ ప్రొఫెసరును కలవమనండి.